మా పెదనాన్న ఆగిన చోట్లు

మొన్న పొద్దున మా వీధి చివర, ఇంకా తలుపులు తీయని మందుల షాపు మెట్ల దగ్గర నిలబడి, ఎవరూ చేయని ఫోన్ చెవికి ఆనించుకుని, అవతల ఎవరో పెద్ద విషయమే చెబుతున్నట్టు తల ఊపుతూ నాలుగైదు నిమిషాలు గడిపాను. కుడికాలి పిక్క పట్టేసి అడుగు ముందుకు పడటం లేదని దారిన పోయేవాళ్లకు తెలియకూడదని ఆ తంటా. డెబ్బై దాటి రెండేళ్లయింది, మామిడి వ్యాపారం అబ్బాయి చేతికి ఇచ్చేసి కూడా చాలా కాలమైంది, ఇక ఈ ఊళ్లో ఎవరి దగ్గర ఏం దాచాలో నాకే తెలియదు, అయినా దాచాను. పాలు పోసే ఆయన బండి ఆపి, "ఏంటి బాబాయ్ గారూ, సిగ్నల్ అందట్లేదా?" అని పలకరించి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ నవ్వాడని నాకు అనిపించింది. నిజంగా నవ్వాడో లేదో గాని, ఈ నాటకం కొత్తది కాదనీ, మా ఇంట్లోనే ఒకాయన దీన్ని నాకంటే ఎంతో నేర్పుగా ఆడాడనీ ఆ క్షణాన గుర్తొచ్చి, నొప్పి తగ్గాక కూడా అక్కడే నిలబడిపోయాను.

ఆయన మా పెదనాన్న. ఆయన సంగతి చెప్పే ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నాకు అనుమానం జాస్తి. అది పుట్టుకతో వచ్చిందా, వ్యాపారంతో వచ్చిందా అంటే చెప్పలేను. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసినవాడు పైవరస చూసి గంప కొనడు. పైన నిగనిగలాడే బంగినపల్లి కాయలుంటే, అడుగున ఏం దాచారోనని చేయి దానంతటదే లోపలికి పోతుంది. పండు మరీ పచ్చగా పండితే మందు పెట్టి ముగ్గబెట్టారంటాం, ఆలస్యంగా పండితే లేతకాయ కోసుకొచ్చారంటాం. పెళ్లి భోజనంలో ఎవరైనా మరీ బతిమాలి రెండోసారి వడ్డించబోతే, ఆ కూర ఎందుకు మిగిలిందా అని ఆలోచించే రకం మేము. నా వయసు వ్యాపారులు ఈ నాలుగు ముక్కలూ చదివితే వాళ్లూ తల ఊపుతారు. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది, నేను జాగ్రత్త అంటాను, ఈ వాదన మా పెళ్లయిన దగ్గర్నుంచీ నడుస్తూనే ఉంది.

ఇలాంటివాణ్ణి నాలుగు నెలల కిందట కోడలు విజయవాడలో రక్తనాళాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అంతకుముందు ఏడాది పాటు నేను ఆ నొప్పిని షుగరు తిమ్మిరని కొన్నాళ్లు, చెప్పులు సరిపోవడం లేదని కొన్నాళ్లు, వయసని కొన్నాళ్లు సరిపెట్టుకుంటూ వచ్చాను. కూర్చుంటే ఏమీ ఉండదు. వంద గజాలు నడిస్తే పిక్కను తడిగుడ్డ పిండినట్టు ఎవరో పిండేస్తారు. రెండు నిమిషాలు నిలబడితే మళ్లీ ఏమీ ఉండదు. ఇది విని డాక్టరు నా చీలమండకు బీపీ పట్టీ కట్టాడు. బీపీ చేతికి కదా చూస్తారు, కాలికి కట్టడమేమిటని నేను అప్పుడే కోడలి వంక చూశాను. చేతి బీపీతో కాలి బీపీని పోల్చి, పక్క గదిలో జిగురు రాసి స్కానింగు తీయించి, కాలికి రక్తం మోసే నాళాల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైందని, నడిచేటప్పుడు కండ అడిగినంత రక్తం అందక ఆ నొప్పి వస్తోందని ఆయన చెప్పాడు. అంతవరకు బాగానే ఉంది. మందేమిటని అడిగితే, రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, కొవ్వుకు ఒక మాత్ర, షుగరు అదుపులో ఉంచుకోవడం, పొగ జోలికి పోకపోవడం, వీటన్నిటితోపాటు ముఖ్యంగా నడక అన్నాడు.

నడిస్తేనే కదయ్యా నొప్పి వస్తోంది, మళ్లీ నడవమంటావేమిటని అడిగాను. ఓపిగ్గానే చెప్పాడు. నొప్పి అలా మొదలవగానే ఆగిపోకూడదట. కాస్త గట్టిగా పట్టేదాకా నడిచి అప్పుడు నిలబడాలట. పూర్తిగా తగ్గాక మళ్లీ నడవాలట, మళ్లీ పట్టాక మళ్లీ ఆగాలట. ఇలా ఆగుతూ నడుస్తూ అరగంటకు పైగా, వారానికి మూడు రోజులకు తక్కువ కాకుండా, కనీసం మూడు నెలలు. అలా చేస్తే పెద్ద దారి ఇరుకైనా చిన్న చిన్న పక్కదారుల్లో రక్తం వెళ్లడం పెరగవచ్చట, కండ కూడా ఉన్న రక్తంతోనే సర్దుకోవడం నేర్చుకుంటుందట, నొప్పి వచ్చే చోటు నెమ్మదిగా దూరం జరుగుతుందట. కాలికి పుండు పడితే గాని, ఊరికే పడుకున్నా నొప్పి వస్తే గాని, నడక మాట పక్కనపెట్టి పరుగున రమ్మన్నాడు. "ఇప్పుడే ఆపరేషను గొడవ అక్కర్లేదండీ, ముందు మీ కాలితో పని చేయించండి" అన్నాడు.

నాకు నచ్చలేదు. సరుకు చేతిలో పెట్టుకుని అమ్మనంటున్న మనిషిని చూస్తే మా వాళ్లకు దిగులు పుడుతుంది. అంత పెద్ద ఆసుపత్రి కట్టుకున్న మనిషి ఆపరేషను వద్దంటాడేమిటి? కేసు చేయి దాటిపోయిందని మొహం మీద చెప్పలేక నడవమంటున్నాడా? పై అంతస్తులో నడక యంత్రం పెట్టుకున్న ఫిజియోథెరపీ అమ్మాయితో ఏదైనా ఏర్పాటుందా? లేకపోతే, నేను ఇంట్లో కూర్చుని అబ్బాయి వ్యాపారంలో వేలు పెడుతున్నానని, రోజూ గంటసేపు నన్ను గుమ్మం దాటించడానికి కోడలే ఆయనకు ముందుగా ఫోన్ చేసి పెట్టిందా? కారు బాపులపాడు దాటేదాకా ఈ మూడింటినీ మార్చి మార్చి ఆలోచించాను. ఆలోచించడానికి నాలుగోది కూడా ఉంది గాని, దాని జోలికి పోవడానికి ధైర్యం చాలలేదు. ఈ జబ్బుతో మా ఇంట్లో ఇంతకుముందే ఒక కాలు పోయింది.

ఆ కాలు పెదనాన్నది. మా నాన్న నా చిన్నతనంలోనే పోతే నన్ను పెంచి, చదువు అబ్బకపోతే తన కొట్లోనే కూర్చోబెట్టుకుని వ్యాపారం నేర్పిన మనిషి ఆయన. పొట్టిగా, గట్టిగా, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె, భుజాన తువ్వాలు, నోట్లో చుట్ట. ఆయన నడకకు మా ప్రాంతంలో పేరుండేది. చాట్రాయి, విస్సన్నపేట వైపు మెట్ట తోటల్లో పిందె దశలోనే చెట్ల మీద కాపు చూసి కొనేవాళ్లం. చూడటమంటే గట్టు మీద నిలబడి చూడటం కాదు. వ్యాపారీ, తోట ఆసామీ పక్కపక్కనే ప్రతి వరసా నడవాలి. నడుస్తున్నంతసేపూ కాపు గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోరు, వానల గురించి, పిల్లల సంబంధాల గురించి, వెనకటి ఏడాది పురుగు మందు ఎవరి దగ్గర బాగుందన్న దాని గురించి మాట్లాడుకుంటారు, బేరమంతా ఆఖరి వరస దాటాకే. గేటు దగ్గరి నాలుగు వరసలూ ఎప్పుడూ పెళ్లికి ముస్తాబైనట్టే ఉంటాయని, తోట అసలు మొహం ఆఖరి వరసలో కనపడుతుందని పెదనాన్న చెప్పేవాడు.

ఆ నడకలో ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు ఇంకొకటి ఉండేది. వ్యాపారి ఊరికే ఆగడు. ఏ చెట్టు కింద ఆగి తలెత్తి చూశాడో ఆ చెట్టులో ఏదో లోపం కనిపెట్టినట్టు లెక్క. తేనెమంచు పురుగు పట్టిందనో, పిందె రాలుతోందనో. ఆసామీ కూడా పక్కనే ఆగుతాడు, తనూ తలెత్తుతాడు, ఏమిటని అడగడు, అడిగితే ఒప్పుకున్నట్టవుతుంది. కానీ మనసులో ఒక మెట్టు దిగుతాడు.

నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చిన ఏడు పెదనాన్న తోటల్లో తరచుగా ఆగడం మొదలుపెట్టాడు. వరసలో సగం దాకా వచ్చి, చెట్టు మొదలు మీద చేయి ఆనించి, కొమ్మల్లోకి చూస్తూ రెండు మూడు నిమిషాలు నిలబడేవాడు. నేనూ చూసేవాణ్ణి. ఆకులూ పిందెలూ తప్ప నాకేమీ కనపడేది కాదు, నా కళ్లు ఇంకా పదునెక్కలేదనుకునేవాణ్ణి. చాట్రాయి పక్క ఒక ఆసామీ, పెదనాన్న నాలుగోసారి ఆగేసరికి ఉండబట్టలేక, "ఏంటండీ, ఏం కనపడింది? మందు మొన్ననే కొట్టించానండీ" అనేశాడు. అంటే కట్టుబాటు తప్పి ముందు నోరు విప్పింది ఆయనే. పెదనాన్న మళ్లీ నడిచాడు. బేరం మాకు కావలసినట్టే తెగింది. తిరుగు బస్సులో ఆ వయసులో అంత కొత్త ఎత్తు కనిపెట్టిన మనిషిని చూసి నేను లోలోపల మురిసిపోయాను. అంతటితో ఊరుకోలేదు, ఆ ఏడు నేను ఒక్కణ్ణే వెళ్లిన రెండు తోటల్లో, ఏ నొప్పీ లేని కాళ్లతో నేనూ చెట్ల కింద ఆగి ఆకాశంలోకి చూశాను. అది పనిచేసింది కూడా.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. ఆయన తోటల్లోనే కాదు, ఊళ్లో కూడా ఆగుతున్నాడని పెద్దమ్మకు తెలిసింది. మా ఇంటి నుంచి కొట్టుకు బజారు మీదుగా పోతే దగ్గర. ఆయన ఆ దారి మానేసి నూనె మిల్లు వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ సందులో ఒక డాబా ఇల్లుండేది, అందులో ఒక టీచరమ్మ ఒక్కతే అద్దెకుండేది. పెదనాన్న సరిగ్గా ఆ ఇంటి ఎదుట ఆగి, డాబా పిట్టగోడ వైపు తలెత్తి నిలబడుతున్నాడని మా ఇంట్లో నీళ్లు మోసే ఆవిడ చెప్పింది. ఒకరోజు కాదు, రోజూ. అప్పటికి ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. పెద్దమ్మ ఏడవలేదు, అరవలేదు. వంకాయలు తరుగుతూ తరుగుతూ కత్తిపీట మీంచి లేచి నన్ను పిలిచి, "ఒరేయ్, మీ పెదనాన్న పొద్దున్నే ఏ దారిన పోతున్నారో ఓసారి చూసి రారా. నాకు చెప్పు, ఇంకెవరికీ చెప్పకు" అంది. ఆ పని నాకు అప్పజెప్పడంలో ఆవిడ తప్పేమీ లేదు, ఇంట్లో అందరికంటే అనుమానపు చూపు నాదే అని ఆవిడకు తెలుసు.

నేను వెంటనే వెంటపడలేదు, ముందు ఆ సందువాళ్లను అటూ ఇటూ కదిపి చూశాను. తేలిందేమంటే, మొదట్లో ఆయన నూనె మిల్లు గోడ దగ్గరే ఆగేవాడు. తర్వాత టీచరమ్మ ఇంటి ముందు ఆగడం మొదలుపెట్టాడు. ఈ మధ్య ఆ ఇల్లు దాటి, ఇంకా అవతల దర్జీ కొట్టు ముందు ఆగుతున్నాడు. ఇది విన్నాక నా బుర్రకు తట్టిన అర్థం ఒక్కటే. సంగతి పొక్కిందని పసిగట్టి చోటు మార్చాడు. నాలుగిళ్లు అవతల నిలబడితే ఎవరికీ అనుమానం రాదనుకున్నాడు. ఎంత ముదురు మనిషి అనుకున్నాను. నిజం చెప్పాలంటే, పెద్దమ్మ మీద జాలితోపాటు, ఆయన్ను పట్టుకోబోతున్నానన్న హుషారు కూడా నాలో ఉంది.

ఒక పొద్దున మిల్లు గోడ పక్కన తెలకపిండి బస్తాల బండి చాటున నిలబడ్డాను. ఆయన వచ్చాడు. టీచరమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి నడక మందగించింది గాని ఆగలేదు, డాబా వైపు చూడను కూడా చూడలేదు, పళ్లు బిగించి నేల చూపులతో నడిచాడు. ఆ ఇంటికి తాళం వేసి ఉంది, బడికి ఎండాకాలం సెలవులిచ్చి అప్పటికే వారమైంది. దర్జీ కొట్టు దాకా వచ్చి కరెంటు స్తంభం పట్టుకుని, మడమ పైకెత్తి, వంగి, పిక్కను రెండు చేతులతో పిసుక్కోవడం మొదలుపెట్టాడు. ఎవరో సైకిలు మీద వస్తున్న చప్పుడు కాగానే నిటారుగా లేచి, తువ్వాలు సర్దుకుని, తలెత్తి స్తంభం మీది తీగల్ని చూస్తూ నిలబడ్డాడు. ఆ తీగల్ని చూస్తున్న మొహం నాకు బాగా తెలుసు. చాట్రాయి తోటలో కొమ్మల్ని చూసిన మొహమే అది. నొప్పితో ఆగిన మనిషిని చూసి ఆసాములు చెట్టుకు లోపమనుకున్నారు, నేను తెలివనుకున్నాను, పెద్దమ్మ ఇంకేదో అనుకుంది.

ఎందుకు దాచాడో చెప్పక్కర్లేదు. నడవలేని వ్యాపారికి ఆసాములు ముందు వరసలు చూపించి పంపేస్తారు. బజారు దారిలో తోటి వ్యాపారుల కొట్లున్నాయి, ఆయన అక్కడ ఒక్కసారి పిక్క పట్టుకున్నాడంటే సాయంత్రానికల్లా ఆ కబురు చాట్రాయి దాకా పోతుంది. అందుకే చుట్టు దారి. ఆ రోజు నేను బండి చాటునుంచి వచ్చి ఆయన్ను పలకరించి, భుజం ఇచ్చి, ఏమైంది పెదనాన్నా అని అడిగి ఉండాల్సింది. అడగలేదు. సందు వెనక నుంచి ఇంటికి పోయి పెద్దమ్మకు చెప్పాను.

ఆవిడ ఒక నిమిషం తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, మరుక్షణమే బెంబేలెత్తింది. ఊళ్లో మాకు తెలిసిన ఒక పెద్ద వైద్యుణ్ణి పిలిచారు. ఆయన చూసి, వాతమని, కాలికి పూర్తిగా విశ్రాంతి కావాలని, నూనె మర్దన చేయమని చెప్పాడు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఇంకెవరైనా అదే చెప్పేవాళ్లు. అంతే, మర్నాటి నుంచి ఇంటి ముందు రిక్షా. కొట్లో ఆయన కోసం చేతుల కుర్చీ. నీళ్లు కావాలంటే ఎవరో తెచ్చి ఇవ్వాలి, ఆయన లేవకూడదు. ఇంత ప్రేమగా ఒక మనిషిని కట్టిపడేయడం మా ఇంట్లో వాళ్లకే చేతనైంది.

ఆ మొదటి రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఆయన చెప్పిన మాట నాకు ఈనాటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "నడిస్తే తగ్గుతోందిరా. మొదట్లో మిల్లు దాటలేకపోయేవాణ్ణి. తర్వాత టీచరమ్మ ఇంటి దాకా వచ్చా. ఇప్పుడు దర్జీ కొట్టు దాకా నడుస్తున్నా. ఇంకో రెండు నెలలు నడవనివ్వండి, కొట్టు దాకా ఆగకుండా పోతా" అన్నాడు. పెద్దమ్మ, "మీ మొండితనం నా దగ్గర కాదు, ముందు అన్నం తినండి" అంది. నేను నవ్వాను. నొప్పి వచ్చిన కాలు నడిస్తే తగ్గడమేమిటి, పెత్తనం వదులుకోవడం ఇష్టం లేక అల్లిన కథ కాకపోతే! ఆయన నా నవ్వు చూశాడు. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు, మర్నాడు రిక్షా ఎక్కాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆయన కూర్చుండిపోయాక తోటలకు ఆయన బదులు వెళ్లింది నేనే. ఆసాములు నన్ను గారూ అనడం మొదలుపెట్టింది ఆ ఏడే. ఆయన మాట నమ్మకపోవడం ఆయన కాలి మీద జాలితోనా, ఆ నడక నాకు కావలసి వచ్చా అని మొన్నటి నుంచి చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఊరందరినీ అనుమానించిన వాడికి తనను మాత్రం వదిలేసే హక్కు ఎక్కడిది? జాలి లేదనను, ఉంది. కానీ అదొక్కటే ఉందని ప్రమాణం చేయమంటే చేయలేను.

కుర్చీలో కూర్చున్న మనిషికి చుట్టలు పెరిగాయి. అంతకుముందు నడకలో ఆరిపోయే చుట్టను మళ్లీ వెలిగించుకోవడానికి తీరిక ఉండేది కాదు, ఇప్పుడు ఒకటి అయ్యేలోపు ఇంకొకటి. ఏడాది తిరిగేసరికి పెరట్లో బావి దాకా నడిచినా ఆయనకు పిక్క పట్టేసేది. చూశారా, నడవనివ్వకపోవడమే మంచిదైందని మేము ఒకరితో ఒకరం చెప్పుకున్నాం. రెండో వేసవిలో బొటనవేలు చల్లబడి, పడుకున్నా నొప్పి పెడుతుంటే, పెద్దమ్మ ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టింది. కాలికి స్పర్శ సరిగా లేదని ఎవరికీ తెలియదు, బొబ్బ లేచింది. అది మానలేదు. వేలు నల్లబడింది, నలుపు పాదానికి పాకింది. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి మోకాలి కింద నుంచి తీసేయడం తప్ప దారి లేదన్నారు. పెద్దమ్మ పోయేదాకా ఆ ఇటుకనే తలచుకుని ఏడ్చింది. తప్పు ఇటుకది కాదు పెద్దమ్మా అని చెప్పే పరిజ్ఞానం నాకు అప్పట్లో లేదు, ఇప్పుడు వచ్చింది గాని వినడానికి ఆవిడ లేదు.

మరుసటి ఏడు పిందెలప్పుడు ఆయన తోట చూస్తానని పట్టుబడితే జీపులో విస్సన్నపేట వైపు తీసుకెళ్లాను. గేటు దగ్గర నీడలో నులకమంచం వేయించి కూర్చోబెట్టాం. ఆసామీతో కలిసి నేను లోపలికి వెళ్లాను. ఎండ మాడ్చేస్తోంది, ముందు వరసల్లో కాపు విరగకాసి ఉంది. సగం దాటాక ఆసామీ మజ్జిగ తాగుదాం రమ్మంటే సరేనన్నాను. తిరిగొచ్చేసరికి పెదనాన్న మంచం మీద నిటారుగా కూర్చుని నా కోసమే చూస్తున్నాడు. ఆఖరి వరస దాకా నడిచావా అని అడిగాడు. నడిచాను పెదనాన్నా అన్నాను. ఆయన ఇంకొక్క మాట అడగకుండా ఆసామీ వైపు తిరిగి బేరం మొదలుపెట్టాడు. కోతలప్పుడు ఆ తోట వెనక వరసల్లో కాయలే లేక, కోసే చిక్కం ఎత్తాల్సిన పనే పడలేదు. దాని గురించి ఆయన నన్నేమీ అనలేదు. నేను అబద్ధం చెప్పానని తెలియక అనలేదో, తెలిసే అనలేదో, ఆ తర్వాత బతికిన మూడేళ్లలో నేను అడగలేకపోయాను.

డాక్టరు నడవమన్న మొదటి నెల నేను పగతో నడిచాను. అది పనిచేయదని నిరూపించడానికి నడిచాను. ఇంటి నుంచి కాలేజీ గ్రౌండు దాకా, అక్కడ రెండు చుట్లు, మళ్లీ ఇంటికి, పట్టినచోట ఆగుతూ. వారానికోసారి ఫిజియోథెరపీ అమ్మాయి ఫోన్ చేసి, "ఎలా ఉందండీ, ఎంతసేపటికి నొప్పి వస్తోంది?" అని అడిగితే మునుపటిలాగే ఉందమ్మా అని ముక్తసరిగా చెప్పేవాణ్ణి. ఇంటి నుంచి బయల్దేరితే ఇస్త్రీ బండి దగ్గర పిక్క పట్టేసేది. నెలన్నర దాటాక ఆ బండి దాటి టిఫిన్ సెంటరు దగ్గర పట్టింది. ఆ రోజు చల్లగా ఉంది కాబట్టి అనుకున్నాను. ఆ తర్వాత ఎండ కాసిన రోజున కూడా అక్కడే పట్టింది. మొన్న మందుల షాపు దాకా వచ్చాను. ఇస్త్రీ బండికీ ఆ షాపుకీ మధ్య మా వీధిలో సగం ఉంది. అక్కడ నిలబడి ఉండగా మిల్లు, టీచరమ్మ ఇల్లు, దర్జీ కొట్టు ఒకదాని వెనక ఒకటి నా కళ్ల ముందుకు వచ్చాయి. ఆయన చోట్లు మార్చలేదు, ఆయన కాలు బాగుపడుతోంది. ఏ డాక్టరూ చెప్పకుండా, పొరబాటునో, మొండితనంతోనో, ఆయన తనంతట తనే సరైన మందు పట్టుకున్నాడు. దాన్ని ఆయన చేతిలోంచి లాగేసుకున్నది నేను.

నిన్న విజయవాడ వెళ్లినప్పుడు నా కాలు సంగతి తర్వాత చూద్దురుగాని అని డాక్టరుకు ఈ కథంతా చెప్పి, పెదనాన్నను నడవనిస్తే ఆ కాలు దక్కేదా అని అడిగాను. డాక్టరు పెన్నుకు మూత పెట్టి నా వైపు తిరిగాడు. అప్పటి కాలును చూడకుండా చెప్పలేనన్నాడు. చుట్ట మానకపోతే నడక ఒక్కటే కాపాడి ఉండకపోవచ్చన్నాడు. ఆ రోజుల్లో ఎవరికీ ఇంత తెలియదన్నాడు. అంత మెత్తగా చెప్పేసరికి నాకు అనుమానం వచ్చింది. దక్కేది అని తెలిసి, ఈ ముసలాయన తట్టుకోలేడని దాస్తున్నాడా? గుచ్చి అడుగుదామనుకున్నాను. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, లేచి వచ్చేశాను.

ఇప్పుడు తోటల్లో వరసలు నడిచేవాళ్లు లేరు. చాట్రాయి వైపు చాలా తోటలు కొట్టేసి ఆయిల్ పామ్ వేశారు, మిగిలిన తోటల్ని ఆసాములు ఫోన్లో వీడియో తీసి పంపిస్తే అబ్బాయి కొట్లో ఫ్యాను కింద కూర్చుని చూసి బేరం చేస్తాడు. ఆఖరి వరస చూపించమని అడగరా అంటే, అదీ పంపిస్తారు నాన్నా అంటాడు, అది ఆ తోట ఆఖరి వరసేనని ఎలా తెలుస్తుందో నాకు తెలియదు. నడక తోటల్లోంచి లేచిపోయి కాలేజీ గ్రౌండులోకి వచ్చింది. అక్కడ పొద్దున్నే అందరూ మణికట్టు చూసుకుంటూ నడుస్తారు, ఎన్ని అడుగులు పడ్డాయో గడియారం చెబితే గాని తమ కాళ్లను తామే నమ్మరు. నేను నవ్వుకుంటాను గాని, నవ్వే అర్హత నాకు లేదు.

ఈ పొద్దున మందుల షాపు కూడా దాటి మలుపు దాకా వెళ్లి పట్టాక ఆగాను. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, నడిస్తే తగ్గుతోందే అని మా ఆవిడతో అన్నాను. "మరి డాక్టరు గారు రాసిచ్చారుగా, తగ్గక ఏం చేస్తుంది" అని ఆవిడ కాఫీ తేవడానికి లోపలికి వెళ్లింది. కోడలు సంతోషంతో అబ్బాయికి ఫోన్ చేసి చెప్పింది, వాడు అక్కడి నుంచే ఇంకో చుట్టు పెంచమన్నాడు. ఇంట్లో ఒక్కరు కూడా నా వంక అనుమానంగా చూడలేదు, నవ్వలేదు, అడ్డం చెప్పలేదు. పెదనాన్న అన్నం ముందు కూర్చుని అన్న మాట కూడా ఇదే, పిలుపు తప్ప ఒక్క అక్షరం తేడా లేదు. నాకున్నట్టు డాక్టరు రాసిచ్చిన కాగితం ఆయన దగ్గర లేదు, అంతే.